బేకలైట్ పౌడర్ కరిగి గట్టిపడేలోపు ఏం జరుగుతాది? టార్క్ గ్రాఫ్ చదువుదాం

హాయ్ అండి, బరంపురం నుంచి మాట్లాడుతున్నాను. పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ వైపు డిప్లొమా పిల్లలు అడుగుతున్నారు, అన్నా క్లాసులో ఇంగ్లీషు, ల్యాబ్‌లో ఒడియా, ఈ థర్మోసెట్ ఫ్లో టెస్టు ఒక్కసారి తెలుగులో చెప్పవా అని. సరే, చెప్పేద్దాం.

(చేతిలో కుక్కర్ హ్యాండిల్, క్లోజప్)

ఇది ఫినాలిక్ అనే ప్లాస్టిక్, 1909లో బేక్‌లాండ్ అనే కెమిస్ట్ పేటెంట్ తీసుకున్న బేకలైట్ జాతి సరుకే. బకెట్ ప్లాస్టిక్ వేడి చేస్తే మళ్ళీ కరుగుతాది, ఇది ఒకసారి గట్టిపడిందా ఇంక అంతే, మంట పెడితే మాడుతాది గానీ కరగదు. థర్మోసెట్ అంటే ఇదే. అంటే డైలో, అదే అచ్చులో, పడ్డ పౌడర్ కరగాలి, మూలమూలకీ పారాలి, ఆ తర్వాతే గట్టిపడాలి, అన్నీ ఒకే వేడి మీద జరిగిపోవాలి. అరిసెల పాకం లాగే, అదను దాటితే పనైపోయినట్టే.

ఆ అదను ఎంతసేపు? చాలాచోట్ల స్పైరల్ ఫ్లో చేసి వదిలేస్తారు, చుట్టుచుట్టుగా గాడి ఉన్న డైలోకి సరుకు తోసి ఎంత దూరం పోయి ఆగిందో కొలవడం. తొందరగా అయిపోతాది, కాదనను. కానీ ఆ ఒక్క నంబర్‌తోనే నాకు పేచీ. సరుకు చిక్కగా ఉండి ఆగిందా, పల్చగానే ఉండి తొందరగా గట్టిపడి ఆగిందా, అది చెప్పదు.

(స్క్రీన్ మీద గ్రాఫ్)

అందుకే టార్క్ రియోమీటర్, సరుకుని తిప్పడానికి ఎంత తిప్పే బలం (టార్క్) పడతాదో టైముతో పాటు గీత గీసి చూపించే మెషీన్. వేడి చాంబర్లో రెండు రోటర్లు ఎదురెదురుగా తిరుగుతుంటాయి. తూకం వేసిన పౌడర్ పడగానే గీత నిట్టనిలువుగా లేస్తాది, చల్లటి పౌడర్ కదా, మోటార్‌కి బరువు. కరిగేకొద్దీ దిగి ఒక పల్లంలో కాసేపు సాగుతాది. మనకి కావాల్సింది ఈ పల్లమే. ఎంత లోతుంటే సరుకు అంత పల్చన, ఎంత పొడుగుంటే డై నింపడానికి అంత టైము. తర్వాత క్రాస్‌లింకులు, అంటే అణువుల గొలుసుల మధ్య అడ్డ ముడులు, పడి గీత మళ్ళీ లేస్తాది, నిటారుగా లేస్తే ఫాస్ట్ క్యూర్, అంటే తొందరగా గట్టిపడుతున్నట్టు. చివర్లో ఇంకోసారి పడిపోతాది, మళ్ళీ కరిగింది అనుకునేరు, కాదు, గట్టిపడిన సరుకుని రోటర్లు పొడి చేసేస్తున్నాయి.

ఇంకోటి, రాపిడి వేడి, క్యూరింగ్‌లో పుట్టే వేడి కలిసి సరుకు టెంపరేచర్ మీరు సెట్ చేసినదాన్ని దాటిపోతాది, ఆ టెంపరేచర్ గీత కూడా చూడండి. ఈ టెస్టు ఎలా చెయ్యాలో చెప్పే స్టాండర్డ్ ఏఎస్‌టీఎం డీ3795 ఉంది. తూకం, టెంపరేచర్, రోటర్ స్పీడు మారితే రెండు గ్రాఫులకి పోలికే లేదు.

మన వైపు వానాకాలం తెలుసు కదా, సంచి మూతి తెరిచి వదిలేస్తే పౌడర్ తేమ తాగి పల్లం లోతవుతాది, ఫ్లో బాగుందని సంబరపడితే పీసు మీద బొబ్బలు వస్తాయి. ఎండాకాలం రేకుల షెడ్డులో నెలల తరబడి పడుంటే దానికి రివర్స్, సంచిలోనే కొంత ముదిరిపోయి పల్లం పొట్టిదవుతాది, డై మూలలు నిండవు. అప్పుడు చాలామంది టెంపరేచర్ పెంచేస్తారు, పల్చన అవడం నిజమే గానీ ఉన్న కాస్త టైమూ ఇంకా తగ్గిపోతాది.

కాబట్టి కొత్త సంచి విప్పిన రోజే ఒక గ్రాఫ్ తీసి దాచుకోండి, తర్వాత పీసుల్లో తేడా వస్తే అదే సంచిది ఇంకోటి తీసి దాని మీద పెట్టి చూడండి.