తవ్వేది రొయ్య, కాసేది చేప

అందరికీ నమస్కారం.

ఉప్పునీటి అక్వేరియం పెట్టినవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నతో మొదలుపెడతాను. "గోబీ చేపనూ పిస్టల్ రొయ్యనూ జంటగా కొని తొట్టిలో వదిలాం. మర్నాటి నుంచి రెండూ కనపడటం లేదు. చచ్చిపోయాయా?" అంటారు. చాలాసార్లు అవి బతికే ఉంటాయి. ఏ రాతి కిందో ఇల్లు కట్టుకునే పనిలో ఉంటాయి. అసలు ఇబ్బంది మనవైపు ఉంది. లైట్లకూ పంపులకూ వేలకు వేలు పోస్తాం, అడుగున పరిచే ఇసుకను మాత్రం మిగిలిన డబ్బుతో కొంటాం. అందుకే ఈ రోజు ఎక్కువసేపు ఇసుక గురించే మాట్లాడతాను.

ముందు ఈ రెండింటి పొత్తు చూద్దాం. తవ్వే పనంతా రొయ్యదే. డెక్కలు ముందుకు చాపి ఇసుకను తోసుకుంటూ బయటికి వస్తుంది, గుమ్మం ముందు పోసి మళ్లీ లోపలికి వెళ్తుంది. గవ్వ ముక్కో గులకరాయో దొరికితే గోడకు ఆసరాగా పెడుతుంది. కాకపోతే దానికి చూపు అంతంతమాత్రం. రొయ్యకు లేదా బారెడు మీసం అని మనం ఎగతాళి చేస్తాం గానీ, ఈ రొయ్యకు ప్రాణం కాపాడేది ఆ మీసమే. బయటికి వచ్చినంతసేపూ ఒక మీసాన్ని చేప ఒంటికి ఆనించే ఉంచుతుంది. చేప గుమ్మంలో కూర్చుని చుట్టూ చూస్తుంటుంది. అనుమానం కలిగితే తోక కాస్త విదిలిస్తుంది. అది మీసానికి తగిలిందో లేదో, రొయ్య లోపల ఉంటుంది. ముప్పు మరీ దగ్గరకొస్తే చేప కూడా బొరియలోకి దూకేస్తుంది.

ఎర్ర సముద్రంలో ఈ జంటలను ఏళ్ల తరబడి పరిశీలించిన ఇజ్రాయెల్ శాస్త్రవేత్త ఇలాన్ కార్ప్లస్ మరో సంగతి గమనించారు. రొయ్య తన జోడీని నీటిలోని వాసనను బట్టి పోల్చుకుంటుంది, చేప కళ్లతో చూసి పోల్చుకుంటుంది. కాబట్టి తొట్టిలో చెరో మూల వదిలామని బెంగపడకండి. లైట్లు తగ్గించి వదిలేయండి, అవే వెతుక్కుంటాయి.

ఇక పిస్టల్ సంగతి. రాత్రిపూట హాల్లోంచి 'టప్' మని వినిపిస్తే అద్దం పగిలిందనుకుని పరిగెత్తేవాళ్లున్నారు. పగిలేది అద్దం కాదు, బుడగ. రొయ్య రెండు డెక్కల్లో పెద్దదే దాని పిస్టల్. అది ఠక్కున మూసుకున్నప్పుడు నీరు సన్నని ధారగా దూసుకుపోయి ఒక బుడగ పుడుతుంది, ఆ బుడగ కూలిపోవడంలోనే ఆ చప్పుడంతా ఉందని 2000లో శాస్త్రవేత్తలు చూపించారు. ఆ క్షణంలో మన కంటికి అందనంత మసక వెలుగు కూడా వస్తుందని, బుడగ లోపలి వేడి 5,000 కెల్విన్‌లకు తక్కువ ఉండదని మరుసటి ఏడాది తేల్చారు. పొరపాటున ఆ పెద్ద డెక్క ఊడిపోతే ఏమవుతుందో తెలుసా? రెండో వైపున్న చిన్న డెక్క క్రమంగా పిస్టల్‌గా మారుతుంది, ఊడిన చోట చిన్నది మొలుస్తుంది. కుడిచేతి వాటం రొయ్య కాస్తా ఎడమచేతి వాటమైపోతుంది! నాకు ఈ ప్రాణి మీద ఇంత మోజు ఉండటానికి సగం కారణం ఇదే.

సరే, ఇసుక. పంచదారంత సన్నని ఇసుక ఒక్కటే పోస్తే బొరియ తవ్వినంతసేపు పట్టదు కూలడానికి. ఉత్త గులకరాళ్లయితే రొయ్య తోయలేదు. సన్న ఇసుక, ముతక ఇసుక, గవ్వ ముక్కలు, చిన్న రాళ్లు అన్నీ కలిపి 5 నుంచి 8 సెంటీమీటర్ల మందాన పరచండి. అంతకంటే ముఖ్యమైనది వరుస. ముందు పెద్ద రాళ్లను తొట్టి అడుగు అద్దం మీదే కదలకుండా నిలబెట్టాలి, ఆ తరువాతే ఇసుక పోయాలి. ఇసుక మీద రాయి పెడితే రొయ్య దాని కిందే తవ్వుతుంది, ఒకరోజు రాయి కూలి రెండింటినీ నలిపేస్తుంది. రాళ్లు కృత్రిమమైనవే కొనండి. మన దేశంలో దిబ్బలు కట్టే పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అత్యంత రక్షణ ఉన్న మొదటి షెడ్యూలులో ఉన్నాయి. సముద్రం నుంచి తీసిన పగడపు రాయి చవకగా ఇస్తామన్నవాళ్ల జోలికి వెళ్లకపోవడం మంచిది.

మొదటిసారి పెంచేవాళ్లకు పసుపు వాచ్‌మన్ గోబీ, టైగర్ పిస్టల్ రొయ్య జంట నయం. 75 లీటర్ల తొట్టి చాలు. యాషా గోబీ చాలా అందమైనదే కానీ మహా బెరుకు. ఏ గోబీ అయినా ఎగిరి బయట పడుతుంది, కాబట్టి పైన వల మూత తప్పనిసరి. నీటి ఉప్పదనం విశిష్ట సాంద్రత లెక్కన 1.025 దగ్గర, వేడి 25 డిగ్రీల దగ్గర నిలపాలి. మన ఎండాకాలంలో నీటిని చల్లబరిచే చిల్లర్ లేకుండా అది కష్టం. ఆవిరైన నీటికి బదులు ఆర్వో నీరే పోయండి, ఉప్పునీరు కాదు. కరెంటు పోయినప్పటికి బ్యాటరీ గాలి పంపు ఒకటి దగ్గర ఉంచుకోండి.

చేపకు జబ్బు చేసిందని రాగి మందు తొట్టిలో వేస్తే రొయ్య దక్కదు. చేపను వేరే తొట్టిలోకి మార్చి వైద్యం చేయాలి. గుమ్మం ముందు తెల్లని రొయ్య ఆకారం పడి ఉంటే కంగారుపడి తవ్వి చూడకండి, అది విడిచిన పెంకు కావచ్చు. కొత్త పెంకు గట్టిపడే దాకా రొయ్య బయటికి రాదు. అలాంటప్పుడు పొడవాటి డ్రాపర్‌తో మైసిస్ మేతను (రొయ్యల్లాంటి చిన్న ప్రాణులు) గుమ్మం దాకా అందించండి. ఇసుక మీద పెట్టిన పగడాలను పూడ్చేస్తుందని కొందరు ఫిర్యాదు చేస్తారు. పగడాలను రాయి పైకి ఎక్కించండి, రొయ్యను మాత్రం ఆపలేరు.

దుకాణంలో కొనేముందు రొయ్య రెండు మీసాలూ నిండుగా ఉన్నాయో లేదో, చేప మీ ముందే మేత తింటోందో లేదో చూసి తీసుకోండి. ఇక ప్రశ్నలు అడగండి. తొట్టి కొలతలు రాసి తెచ్చినవాళ్లు ముందు రండి.