టైరు మీద అరచెయ్యి

శ్రోతలందరికీ నమస్కారం.

శ్రీకాకుళం బైపాస్ పక్కన నేను కార్లకు వీల్ అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణాలు సరిచేసే పని, చేయడం మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది. ఇన్నేళ్లలో నన్ను ఎక్కువగా బాధపెట్టిన బండి ఒకటుంది. ముందు దాని సంగతి చెబుతాను.

నరసన్నపేట వైపు నుంచి ఒక రైతు వచ్చేవారు. అరవై దాటిన మనిషి. తన చిన్న కారుకి ముందు రెండు టైర్లూ కొత్తవి వేయించి, నా దగ్గరే అలైన్‌మెంట్ చేయించుకున్నారు. కోణాలు కొలిచే మిషన్ స్క్రీన్ మీద అంకెలన్నీ సరిపోయాయన్నట్టు పచ్చరంగులోకి వచ్చాయి. కాగితం చేతికిచ్చి పంపించాను. ఐదు నెలలకు మళ్లీ వచ్చారు. "ఏటి బాబూ, టైర్లు ఏసి ఐదు నెల్లే అయింది. చూడు, ఎలాగరిగిపోనాయో" అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు, అయోమయం ఉంది. ఎడమ టైరు బయటి నుంచి చూస్తే కొత్తదానిలాగే ఉంది. వంగి లోపలి అంచు చూశాను. గీతలన్నీ పోయి నున్నగా అయిపోయి, ఒకచోట రబ్బరు లోపలి ఇనుప తీగలు తేలి కనబడుతున్నాయి.

బండిని లేపి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే టక్కుటక్కుమని కదిలింది. కింది బాల్ జాయింట్, అంటే చక్రాన్ని బండికి కలిపే గుండ్రటి కీలు, లూజు. ఐదు నెలల క్రితం ఒక్క నిమిషం చక్రం ఊపి చూసి ఉంటే అప్పుడే తెలిసేది. నేను చూడలేదు. నిలబడి ఉన్న బండికి అంకెలు సరిగ్గా పెట్టాను. రోడ్డెక్కి గోతిలో పడగానే ఆ లూజు జాయింట్ అంకెలన్నిటినీ చెదరగొట్టింది. పాడైన టైరు ఖర్చు నేనే పెట్టుకున్నాను. కానీ తీగలు తేలిన టైరుతో ఆయన మనవల్ని ఎక్కించుకుని హైవే మీద తిరిగారన్న ఆలోచన నన్ను ఇప్పటికీ వదలలేదు. ఈరోజు మీతో మాట్లాడాలనుకున్నది అందుకే.

అలైన్‌మెంట్ అనేది మన పెద్దవాళ్లకు తెలియని విషయం కాదు. ఎడ్లబండి ఇరుసు సరిగ్గా అడ్డంగా కూర్చోకపోతే బండి ఒక పక్కకే లాగుతుంది, ఒక ఎద్దు మెడ ఒరుసుకుపోతుంది. రైతు ఆ పుండు చూసి ఇరుసు సంగతి పట్టుకునేవాడు. కారులో ఒరుసుకుపోయేది టైరు. అది కింద, లోపలి వైపు ఉంటుంది కాబట్టి మన కంటపడదు.

చక్రం నిలబడే తీరులో మూడు కోణాలు చూస్తాం. వాటిని టో, కేంబర్, కేస్టర్ అంటాం. టో అర్థం కావాలంటే నిలబడి మీ పాదాలు చూసుకోండి. వేళ్లు రెండూ లోపలికి, ఒకదాని వైపు ఒకటి తిరిగి ఉంటే టో ఇన్. బయటికి విచ్చుకుని ఉంటే టో అవుట్. టైర్లను ఎక్కువగా తినేసేది ఈ టోనే. చిన్న కార్ల టైరు ఎత్తు సుమారు 60 సెంటీమీటర్లు, అంటే 600 మిల్లీమీటర్లు. రెండు ముందు చక్రాల మధ్య దూరం ముందు అంచు దగ్గర ఒకలాగా, వెనక అంచు దగ్గర 3 మిల్లీమీటర్లు తేడాగా ఉందనుకోండి. 600కి 3 అంటే 200కి ఒకటి. బండి కిలోమీటరు నడిస్తే ఆ రెండు టైర్లూ కలిపి 5 మీటర్లు పక్కకి ఈడ్చుకుపోయినట్టు. శ్రీకాకుళం నుంచి విశాఖపట్నం వంద కిలోమీటర్లకు పైమాటే. అక్కడికి చేరేసరికి టైరు రబ్బరుని అర కిలోమీటరు దూరం తారు రోడ్డు మీద అడ్డంగా గీకినట్టు లెక్క. మూడు మిల్లీమీటర్లంటే ఒక రూపాయి బిళ్లలు రెండు ఒకదాని మీద ఒకటి పెడితే వచ్చేంత మందం. ఈ లెక్క చెప్పినప్పుడు చాలామంది నమ్మరు, కాగితం మీద వేసి చూపిస్తాను.

బండికి ఎదురుగా నిలబడి చూసినప్పుడు చక్రం నిటారుగా ఉందా, పైభాగం లోపలికో బయటికో వాలిందా అన్నది కేంబర్. లోపలికి ఎక్కువ వాలితే లోపలి అంచు, బయటికి వాలితే బయటి అంచు అరుగుతుంది. కేస్టర్ పక్క నుంచి చూసేది. సైకిల్ ముందు ఫోర్కు ఏటవాలుగా ఉంటుంది కదా, దానివల్ల కూడా సైకిలు తనంతట తాను తిన్నగా పోవాలని చూస్తుంది. మలుపు తిరిగాక కారు స్టీరింగ్ మళ్లీ మధ్యకు రావడంలో ఇదే పనిచేస్తుంది. కేస్టర్ టైరుని పెద్దగా తినదు. ఎడమకీ కుడికీ తేడా వస్తే మాత్రం బండి పక్కకి లాగుతుంది.

మిషన్ దగ్గరకు వెళ్లే ముందు మీ ఇంటి ముందే చేసుకోగల పరీక్ష ఒకటుంది. బండి ఆపి, చల్లారాక, టైరు మీద అరచెయ్యి పెట్టి బయటి అంచు నుంచి లోపలికి నెమ్మదిగా నిమరండి. తర్వాత లోపలి నుంచి బయటికి. ఒకవైపు పోతే నున్నగా, ఇంకోవైపు పోతే రంపం పళ్లలా చేతికి తగిలితే టో పోయిందన్నమాట. తీగలు తేలి ఉంటే చెయ్యి తెగుతుంది, అందుకని ముందు టార్చ్ వేసి ఒకసారి చూసుకోండి. రెండు అంచులూ అరిగి మధ్య మిగిలితే గాలి తక్కువతో తిప్పారు. మధ్య అరిగితే గాలి ఎక్కువ. ఇవి అలైన్‌మెంట్ లోపాలు కావు. సరైన గాలి ఎంతో చాలా కార్లకు డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. టైరు గాడిలో అక్కడక్కడా చిన్న దిమ్మెలు ఉంటాయి. వాటి ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. రబ్బరు వాటితో సమానంగా అరిగిపోతే ఆ టైరుకి అలైన్‌మెంట్ చేయించి లాభం లేదు, మార్చాల్సిందే.

సాలూరు నుంచి కోరాపుట్ వైపు ఘాట్ ఎక్కే లారీల డ్రైవర్లను చూడండి. బయల్దేరే ముందు బండి చుట్టూ తిరిగి ప్రతి టైరునీ తట్టి, తడిమి చూస్తారు. నేను ఈ పని వాళ్ల దగ్గర చూసే నేర్చుకున్నాను. కార్లు నడిపేవాళ్లలో ఈ అలవాటు నాకు చాలా తక్కువగా కనబడుతుంది.

"బండి ఎడమకి లాగుతోంది" అని వచ్చేవాళ్లే ఎక్కువ. మన రోడ్లు వాన నీరు పోవడానికి అంచు వైపు కాస్త వాలుగా వేస్తారు. మనం ఎడమ వైపు నడుపుతాం కాబట్టి ఏ కారైనా కొంచెం ఎడమకి జారుతుంది. అది లోపం కాదు. ఖాళీగా, చదునుగా ఉన్న చోట, తక్కువ వేగంలో స్టీరింగ్ తేలిగ్గా పట్టుకుని చూడాలి. హైవే మీద మాత్రం చేతులు వదలకండి. చదును చోట కూడా లాగుతుంటే ముందు టైర్లు రెండిటినీ అటుదిటు, ఇటుదటు మార్చి చూడండి. ఒకే దిశలో తిరగాలని బాణం గుర్తున్న టైర్లయితే ఇలా మార్చకూడదు. మార్చాక కుడికి లాగడం మొదలైతే లోపం టైరులో ఉంది, చక్రం కోణంలో లేదు. బ్రేకు తొక్కినప్పుడు మాత్రమే లాగితే బ్రేకులు చూపించుకోవాలి. ఎనభై దాటాక స్టీరింగ్ వణుకుతుంటే అది ఎక్కువగా బ్యాలెన్సింగ్ సమస్య. చక్రానికి సీసపు ముక్కలు పెట్టి సరిచేసే పని అది. అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ రెండూ కలిపి ఒకే బిల్లులో రాస్తారు కాబట్టి ఒకటే అనుకుంటారు.

మిషన్ లేని కాలంలో దారంతో చేసేవాళ్లం. ఇప్పటికీ అనుమానం తీర్చుకోవడానికి అది బాగా పనికొస్తుంది. చదునైన నేల మీద, బండికి రెండు పక్కలా, చక్రాల మధ్యభాగం ఎత్తులో దారం బిగించి కట్టాలి. ముందు చక్రాల నడిబొడ్డు నుంచి దారం ఎంత దూరమో ఎడమ కుడి సమానంగా ఉండాలి, వెనక చక్రాలకూ అలాగే. ముందుదీ వెనకదీ ఒకటే కానక్కర్లేదు, చాలా బళ్లకు ఆ వెడల్పులో తేడా ఉంటుంది. ఇది తెలియక తప్పు చేసేవాళ్లు ఎక్కువ. తర్వాత స్టీరింగ్ తిన్నగా పెట్టి, రిమ్ము ముందు అంచు నుంచి, వెనక అంచు నుంచి దారానికి దూరం కొలవాలి. ఆ రెండిటి తేడాయే టో. బండిని జాకీ మీద నుంచి దించిన వెంటనే కొలవకూడదు. కొంచెం దూరం ముందుకీ వెనక్కీ తోస్తేనే చక్రాలు తమ అసలు నిలకడకు వస్తాయి.

వెనక చక్రాల సంగతి చాలామంది అడగరు. తడి రోడ్డు మీద ముందు పోతున్న కారు గుర్తులు గమనించండి. వెనక టైర్ల జాడలు ముందు టైర్ల జాడల మీదే, లేదా ఎడమా కుడీ సమానమైన తేడాతో పడాలి. వెనక జాడలు రెండూ ఒకే పక్కకి జరిగి పడితే ఆ బండి కుక్క నడిచినట్టు కాస్త అడ్డంగా నడుస్తోంది, వెనక ఇరుసు పక్కకి తిరిగి ఉంది. అలాంటి బండికి వెనకవి చూడకుండా ముందు చక్రాలు ఎంత సర్దినా స్టీరింగ్ తిన్నగా రాదు. అందుకే నాలుగు చక్రాలకూ మిషన్ తగిలించి, వెనక చక్రాల అంకెలే మొదట చదవాలి.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక ఇలాంటివి చాలా చూశాను. ఉద్దానంలో కొబ్బరి చెట్లు కూలి రోడ్లకు అడ్డంగా పడ్డాయి. దారి లేక మొద్దుల మీద నుంచీ, పొలాల్లోంచీ బళ్లు నడిపారు పాపం. చక్రాన్ని పట్టి ఉంచే ఆర్ములు వంగి, వాటి కీళ్ల దగ్గరి రబ్బరు బుష్‌లు చితికి నెలల తరబడి వస్తూనే ఉన్నారు. మామూలు రోజుల్లో ఆ పని పల్లెల దగ్గర గుర్తు లేని స్పీడ్ బ్రేకర్లూ, వాన నీటి కింద దాగిన గోతులూ చేస్తాయి. గట్టి దెబ్బ తగిలితే పది వేల కిలోమీటర్లకోసారి చేయించుకునే మామూలు లెక్క కోసం ఆగకండి, వెంటనే చూపించండి.

షాపులో జరగాల్సిన వరుస ఇది. గాలి సరిచేయాలి. డిక్కీలో బియ్యం బస్తాలుంటే దించేయాలి, బరువుకి బండి కూర్చుంటే కోణాలు మారిపోతాయి. చక్రం పైనా కిందా పట్టి ఊపాలి, తర్వాత అటూ ఇటూ పట్టి ఊపాలి. బాల్ జాయింట్, టై రాడ్ (స్టీరింగ్ తిప్పుడుని చక్రానికి అందించే కడ్డీ) చివరి కీలు, బేరింగ్, ఏది లూజైనా ముందు అది మార్చాలి. ఆ తర్వాతే మిషన్. స్టీరింగ్ మధ్యలో బిగించి, టై రాడ్ కదలకుండా పట్టి ఉంచే లాక్ నట్ వదులు చేసి, రెండు వైపులా టై రాడ్ కొద్ది కొద్దిగా తిప్పాలి. ఒక వైపే తిప్పితే అంకె వస్తుంది గానీ స్టీరింగ్ వంకరగా నిలబడుతుంది. తిప్పేటప్పుడు దాని మీది రబ్బరు బూటు, అంటే తొడుగు, మెలిపడకుండా చూడాలి, మెలిపడితే కొన్నాళ్లకు చిరిగి దుమ్ము లోపలికి పోతుంది. చివర లాక్ నట్ బిగించి మళ్లీ అంకె చదవాలి, ఎందుకంటే బిగింపులో అది కదులుతుంది.

మన చిన్న కార్లలో చాలావాటికి ముందు టో ఒక్కటే తిప్పి సర్దేలా ఇస్తారు. కేంబర్ తేడా వచ్చిందంటే ఏదో వంగింది, లేదా అరిగింది. కొన్నిచోట్ల హైడ్రాలిక్ జాకీతో స్ట్రట్‌ని, అంటే షాక్ అబ్జార్బరు ఉండే నిలువు భాగాన్ని, వెనక్కి వంచి కేంబర్ సరిచేశామంటారు. నేనది చేయను, చేయించుకోవద్దని చెబుతాను. వంగిన ఇనుముని మళ్లీ వంచితే బలహీనపడుతుంది. ఏది వంగిందో వెతికి మార్చడం ఖరీదే, కానీ అది చక్రాన్ని మోసే భాగం.

పని అయ్యాక, సర్దక మునుపటి అంకెలూ సర్దిన తర్వాతి అంకెలూ రెండూ ఉన్న కాగితం అడిగి తీసుకోండి, దాన్ని డాష్‌బోర్డులో దాచండి. మళ్లీ చేయించినప్పుడు పాత కాగితం పక్కన పెట్టి చూస్తే, ఎవరూ ముట్టుకోని వెనక చక్రం అంకె మారిందా అన్నది కనబడుతుంది. మారితే స్పానర్ తియ్యనివ్వకండి, ముందు బండిని పైకి లేపి కింద చూడమనండి. నరసన్నపేట పెద్దాయన ఇప్పుడు నాలుగు కాగితాలు పిన్ను కొట్టి తెస్తున్నారు. నేను చక్రం ఊపి చూసేదాకా పక్కనే నిలబడతారు.

నమస్కారం.