రీకండిషన్డ్ స్టీరింగ్ ర్యాక్ రివ్యూ: ర్యాక్ బాగుంది, ఆ బూట్లే…

నమస్కారమండీ. కొరాపుట్, జయపురం, రాయగడ, పర్లాకిమిడి వైపు నుంచి చూస్తున్న పికప్ ఓనర్లకీ డ్రైవరన్నలకీ ముందే చెప్పేస్తున్నా. ఈ బల్ల మీదున్న పవర్ స్టీరింగ్ ర్యాక్, అంటే స్టీరింగ్ తిప్పితే ముందు చక్రాలని పక్కకి తిప్పే పొడుగాటి భాగం, కొన్నది కాదు, అమ్మేవాళ్ళు ఉచితంగా పంపారు. డబ్బా మీద పేరుకి టేప్ వేశాను, ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది. ధర, వారంటీ, ఏ మోడల్‌కి పడుతుంది, అవన్నీ ఇవాళ వదిలేద్దాం.

పది చక్రాల లారీ వాళ్ళు ఆగక్కర్లేదు, మీకుండేది స్టీరింగ్ బాక్స్. ఇది హైడ్రాలిక్ ర్యాక్ ఉన్న పికప్‌ల సంగతి.

రిజర్వాయర్‌లో నూనె తగ్గుతోందంటే ర్యాక్ పోయినట్టే అనుకోకండి. పైన ప్రెజర్ హోస్ కారినా ఆ నూనె జారి ర్యాక్ మీదే చేరుతుంది. అంతా తుడిచేసి, ఇంజన్ నడుస్తుండగా ఒకళ్ళని స్టీరింగ్ తిప్పమని, కింద మీరు టార్చ్ వేసి చూడండి. ర్యాక్ రెండు చివర్లా ముడతల రబ్బరు తొడుగులుంటాయి, వాటినే బూట్లు అంటాం. తర్వాత ఆ బూట్ చిన్న క్లిప్ విప్పండి. ఇదిగో, కెమెరా దగ్గరికి తెస్తున్నా, పాత ర్యాక్ బూట్‌ని నొక్కితే ఎర్రటి నూనె బొటబొటా కారుతోంది చూశారా? ఇలా ఉంటే లోపలి సీల్ పోయినట్టే, అనుమానం లేదు.

సీల్ కిట్ వేసుకోవచ్చు కదా అంటారు. ర్యాక్ లోపల అటూఇటూ జరిగే కడ్డీ, అదే ర్యాక్ బార్, దాని మీద గోరు పెట్టి గీకండి. తుప్పు గుంట గోరుకి తగిలితే కొత్త సీల్‌ని కూడా అదే కోసేస్తుంది. పైగా పిస్టన్ మీది టెఫ్లాన్ రింగ్‌ని సాగదీసి ఎక్కించాక, మళ్ళీ సైజుకి బిగించే స్లీవ్ ఉండాలి. వీధి చివర షెడ్లలో అది కనబడదు.

ఇంతకీ ఆ తుప్పు ఎక్కణ్ణుంచి వచ్చింది? బూట్ నుంచే. నా గొడవంతా దాంతోనే.

స్టీరింగ్ ఎడమకి తిప్పితే ఒక బూట్ ముడుచుకుంటుంది, రెండోది సాగుతుంది. ముడుచుకున్నదాంట్లో గాలి రెండోదాంట్లోకి వెళ్ళాలి. అందుకే కొన్ని ర్యాకులకి బయట సన్న పైపు ఉంటుంది, కొన్నిటికి లోపలే దారి ఉంటుంది. ఈ ర్యాక్‌కి బయట పైపే. కానీ వీళ్ళిచ్చిన బూట్‌కి ఆ పైపు తగిలించే ముక్కు అయితే ఉంది, దానికి చిల్లే లేదు! అచ్చులోంచి తీసి అలాగే సంచీలో వేసేశారు. గాలికి దారి లేకపోతే అది క్లిప్ సందులోంచి లాక్కుంటుంది, గాలితో పాటు నీళ్ళూ మట్టీ లాక్కుంటుంది. సుంకి ఘాట్‌లో అల్లం లోడుతో వంపు వంపుకీ స్టీరింగ్ చివరిదాకా తిప్పే బండికి వానాకాలంలో ఇది చాలు. ఎర్రమట్టి లోపలికి పోయి, బార్ తుప్పుపట్టి, సీల్ తెగి, ఈ కొత్త ర్యాకూ ఇంకో పాత ర్యాక్ అయిపోతుంది. పైగా క్లిప్ బదులు ప్లాస్టిక్ టై ఇచ్చారు, దాని సంగతి అడక్కండి.

సరే, బిగింపు. వెనక చక్రాలకి రాళ్ళు పెట్టి, ముందు భాగాన్ని స్టాండ్ల మీద ఎత్తండి. ఒక్క జాకీని నమ్మి కిందకి దూరొద్దు. చక్రాలు తిన్నగా పెట్టి, స్టీరింగ్‌ని సీట్ బెల్ట్‌తో కట్టేయండి. షాఫ్ట్ ఊడాక అది గిర్రున తిరిగితే ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండ్లలో స్టీరింగ్ లోపల చుట్టుకుని ఉండే వైరు పట్టీ, అదే క్లాక్ స్ప్రింగ్, తెగిపోతుంది. షాఫ్ట్ జాయింట్ మీద పెయింట్ గీత పెట్టుకోండి. ర్యాక్ రాడ్‌ని చక్రానికి కలిపే జాయింట్, అదే టై రాడ్ ఎండ్, ఊడదీయడానికి మర మీద కొట్టొద్దు, అది కూర్చునే చక్రం వైపు ఇనప భాగం (స్టీరింగ్ నకల్) పక్కన సుత్తితో గట్టిగా రెండు దెబ్బలు వేయండి. ఎండ్ తిప్పి తీసేటప్పుడు ఎన్ని చుట్లో లెక్కపెట్టి రాసుకోండి.

కొత్త ర్యాక్‌ని ఒక చివర నుంచి ఇంకో చివరిదాకా తిప్పి చుట్లు లెక్కపెట్టండి. మూడున్నర వస్తే ఒకటిముప్పావు వెనక్కి రండి, అదే సెంటర్. ఇది తప్పితే స్టీరింగ్ వంకరగా కూర్చుంటుంది, ఎడమకీ కుడికీ తిరిగే చుట్లు సమానంగా రావు.

పైపుల జాయింట్లకి రాగి వాషర్లు పాతవి వేయొద్దు. ఒకసారి నలిగిన వాషర్ రెండోసారి సీల్ అవ్వదు. రిటర్న్ హోస్‌ని సీసాలో పెట్టి పాత నూనె అంతా బయటికి పోయేదాకా కొత్తది పోయండి, లేకపోతే పాత ర్యాక్ పొడి కొత్తదాంట్లోకి పోతుంది. రెండు లీటర్లు దగ్గర పెట్టుకోండి. ఏ నూనె అన్నది రిజర్వాయర్ మూత మీద రాసుంటుంది, బ్రేక్ ఆయిల్ మాత్రం పొరపాటున కూడా పోయొద్దు, రబ్బరంతా ఉబ్బిపోతుంది.

ముందు చక్రాలు గాల్లో ఉండగా, ఇంజన్ ఆపేసే, ఇరవైసార్లు ఆ చివర నుంచి ఈ చివరికి తిప్పండి. మధ్యమధ్యలో నూనె నింపండి. తర్వాతే స్టార్ట్. స్టీరింగ్‌ని పూర్తిగా ఒక చివరికి తిప్పి ఐదు సెకన్లకి మించి పట్టుకోవద్దు, పంపు కాలిపోతుంది. నూనె పాలలా తెల్లగా నురగ వస్తే ఇంకా గాలి ఉన్నట్టే. ఆపేసి అరగంట వదిలేసి, మళ్ళీ తిప్పండి.

ఇక అలైన్‌మెంట్. టో, అంటే ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండడం, సరిచేయడానికి టై రాడ్ తిప్పినప్పుడు బూట్ కూడా తాడులా మెలితిరుగుతుంది. చిన్న క్లిప్ ముందే వదులు చేసి, ఆ చోట సిలికాన్ గ్రీజు రాయమని అలైన్‌మెంట్ కుర్రాడికి దగ్గరుండి చెప్పండి, లేకపోతే చెయ్యడు.

ర్యాక్ వరకు ఏం వంక పెట్టలేను. స్టీరింగ్ సాఫీగా ఉంది, ఎక్కడా పట్టట్లేదు, చెమ్మ లేదు. కానీ నా మార్కులు పదికి ఐదే, మిగతా ఐదూ ఆ చిల్లు లేని ముక్కు మింగేసింది. కొనేవాళ్ళు అసలు కంపెనీ బూట్లు, స్టీల్ క్లిప్పులు విడిగా తెప్పించుకోండి. బిగించే ముందు ఆ ముక్కులోంచి ఊది చూడండి, గాలి అవతలికి పోవాలి.