దానపత్రం ఎవరి బీరువాలో ఉంది?

(కర్నూలులో ఒక ఉన్నత పాఠశాల వ్యవస్థాపక దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలకు, కరస్పాండెంట్ గారికి, ప్రధానోపాధ్యాయులకు, ఆదోని నుంచి, ఎమ్మిగనూరు నుంచి, నంద్యాల నుంచి పనులు మానుకుని వచ్చిన పూర్వ విద్యార్థులకు, పొద్దున్నే వచ్చి ఈ షామియానా కింద కుర్చీలు వేసిన పదో తరగతి పిల్లలకు నమస్కారాలు. పేరుపేరునా చెప్పాలి గాని, నాకిచ్చింది ఇరవై నిమిషాలు.

ఆహ్వానపత్రంలో నా అంశం ‘దాతల ఔదార్యం’ అని వేశారు. దాత ఇచ్చారు, వెళ్లిపోయారు. ఆయనకు దండ వేశాం. ఆయన ఇచ్చిన ఆస్తి ఇప్పుడు ఎలా ఉందో చెప్పుకుందాం.

ముందు ఎయిడ్ సంగతి. 1854లో వుడ్ నివేదిక గ్రాంటు పద్ధతికి దారి వేసిన నాటి నుంచి మనవాళ్లకొక నమ్మకం పాతుకుపోయింది, ఎయిడెడ్ బడి అంటే సర్కారు నడుపుతుందని. సర్కారు ఇచ్చేది మంజూరైన పోస్టులో ఉన్నవాళ్ల జీతం. తరగతి గది కప్పు కారితే, ప్రయోగశాలలో గాజు సామాను పగిలితే, కరెంటు బిల్లు వస్తే, ఆ డబ్బు దాత ఇచ్చిన ఆస్తి నుంచి రావాలి. లెక్కల అయ్యవారు రిటైరై ఆ పోస్టు భర్తీ కాకపోతే, తాత్కాలికంగా పెట్టుకున్న పంతులు జీతమూ దాని మీదే పడుతుంది. 2021 నవంబరులో ప్రభుత్వం ఎయిడెడ్ యాజమాన్యాల ముందు నాలుగు దారులు పెట్టింది. ఆస్తులతో సహా అప్పగించడం, సిబ్బందిని మాత్రమే అప్పగించి ప్రైవేటుగా నడుపుకోవడం, ఎయిడెడ్‌గానే కొనసాగడం, అప్పటికే ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకోవడం. వీటిలో ఏది ఎంచుకోవాలన్నా మన ఆస్తి ఏమిటి, దాన్ని ఇంకొకరికి అప్పగించే అధికారం కమిటీకి ఉందా అని చూసుకోవాలి. అది రాసి ఉండేది దానపత్రంలో. దానపత్రం ఎవరి బీరువాలో ఉంది?

ఇక్కడ పచ్చయప్ప మొదలియార్ గారిని తలుచుకోవాలి. మద్రాసులో దుబాసీగా, అంటే దొరల వ్యాపారాలకు మధ్యవర్తిగా, గడించిన ఆస్తిని ధర్మానికి రాసి 1794లో ఆయన కాలం చేశారు. ఆ వీలునామా వ్యాజ్యంలో పడింది. అప్పటి మద్రాసు సుప్రీంకోర్టు డిక్రీ వచ్చేసరికి 1832. ఆ డబ్బుతో మద్రాసులో బడి తెరిచింది 1842లో. నలభై ఎనిమిదేళ్లు! ఆయన చనిపోయిన నాడు పుట్టిన బిడ్డకు మనవళ్లు పుట్టి ఉంటారు. అయినా ఆ బడి వచ్చింది, ఎందుకంటే కాగితం మిగిలింది. కాగితమే లేకపోతే ఏ కోర్టు ఏ డిక్రీ ఇస్తుంది?

2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి ఈ ఊరిని ముంచాయి. నీళ్లు తీశాక పాతబస్తీలో రిజిస్టర్లు ఇటుకల్లా అతుక్కుపోయి ఉన్నాయి. అప్పుడు పోయిన కాగితం పోయినట్టే అనుకోకండి. రిజిస్టరైన దస్తావేజు నకలు సబ్‌ రిజిస్ట్రారు కార్యాలయంలో దొరుకుతుంది. స్థిరాస్తి దస్తావేజులు ఒకటో పుస్తకంలో, వీలునామాలు మూడో పుస్తకంలో ఉంటాయి. దస్తావేజు నంబరు, సంవత్సరం తెలిస్తే పని సులువు. తెలియకపోతే దాత పేరు మీద, ఊరి పేరు మీద సూచిక వెతికించాలి. నకలు చేతికొచ్చాక అదే భూమికి ఈసీ, అంటే దాని మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం, తీయించండి. అమ్మకం గాని, తాకట్టు గాని రిజిస్టరై ఉంటే అందులో బయటపడుతుంది.

తర్వాత అడంగల్, అంటే ఊరి భూముల రికార్డు, చూడండి. పట్టాదారు గడిలో బడి పేరు ఉందని సంతోషపడి ఊరుకోవద్దు. పక్క గడి, అనుభవదారుది చూడండి. అక్కడ ఏళ్ల తరబడి ఒకే గుత్తదారు (కౌలుదారు) పేరు ఉంటే, రేపు గుత్త కాగితం చూపించలేనప్పుడు అతను ఆ భూమి తనదనే అంటాడు. బడికి కాపలా ఆ కాగితమే. రీసర్వే జరిగిన ఊళ్లలో ఇంకో చిక్కు వచ్చింది. పాత సర్వే నంబరు పోయి ల్యాండ్ పార్సెల్ నంబరు వచ్చింది. హద్దులు చూపించడానికి బడి తరఫున ఎవరూ పోకపోతే పక్క రైతుతో కలిపి జాయింటు నంబరు పడుతుంది. దానపత్రంలో ఉన్న నంబరుకు, ఇప్పటి రికార్డుకు పొంతన ఉండదు. పాత నంబరు ఏ కొత్త నంబరైందో ఇప్పుడే రాయించి దానపత్రం నకలుకు కుట్టించండి.

గుత్త వేలం గురించి వద్దన్నా చెప్తాను. కె.సి. (కర్నూలు-కడప) కాలువ కింది మాగాణికి, ఆలూరు వైపు మెట్టకు ఒకే రేటు ఉండదు. కాబట్టి సర్కారు పాట, అంటే వేలం మొదలయ్యే కనీస ధర, పెట్టేముందు పక్క చేను గుత్త ఎంతకు పోతున్నదో అడగాలి. వేలం బడి ఆఫీసులో కాదు, భూమి ఉన్న ఊళ్లోనే జరగాలి. దండోరా వేయించాలి, గ్రామ సచివాలయంలో నోటీసు అంటించాలి, ధరావతు కట్టినవాళ్లనే పాటకు రానివ్వాలి. పాడేవాళ్లు ముందే కుమ్మక్కైతే పాట సర్కారు పాట దగ్గరే ఆగిపోతుంది. అప్పుడు పాట ఖాయం చేయకుండా వాయిదా వేసే అధికారం నోటీసులోనే రాసుకోవాలి. ఇది మన సీమ గనుక ఇంకొక్క మాట. వాన పడని ఏడు గుత్తదారు వచ్చి పంట పోయిందంటాడు. నిజంగానే పోయి ఉంటుంది. అతని కడుపు కొట్టకూడదు, పిల్లల సొమ్మూ పోకూడదు. మండలాన్ని కరువు మండలంగా ప్రకటిస్తే ఇంత తగ్గింపు అని ముందే ఒప్పందంలో ఉంటే తగాదా రాదు. గుత్త ఒప్పందాన్ని రిజిస్టరు కూడా చేయించండి.

రోడ్డు మీది అంగళ్ల బాడుగలదీ ఇదే కథ. బడికి రెండు వేలు కట్టి, లోపల ఇంకొకరికి పదిహేను వేలకు ఇచ్చుకుంటే ఆ పదమూడు వేలు ఎవరివి? పిల్లలవి.

చీటీ వచ్చింది, చూశాను. నిధి మాట చెప్పి ముగిస్తాను.

1990లో ఒకాయన తల్లి పేరుమీద పతకానికి పదివేలు ఇచ్చారనుకోండి. అప్పటి పదిశాతం వడ్డీకి ఏడాదికి వెయ్యి రూపాయలు, వెండి పతకం వచ్చేది. ఇవాళ ఆరున్నర శాతానికి ఆరువందల యాభై. దానితో వెండి పూతే వస్తుంది. వడ్డీ మొత్తం ఖర్చు పెట్టి అసలును అలాగే ఉంచితే, పాసుబుక్కులో అంకె కదలదు, విలువ కరిగిపోతుంది. ఆదాయపు పన్ను మినహాయింపు ఉన్న ట్రస్టు, ఆదాయంలో 85 శాతం ఆ ఏడాదే ధర్మానికి ఖర్చు పెట్టాలి. మిగతా 15 శాతం ఉంచుకోవచ్చు. ఆ 15 శాతాన్ని ఏటా మూలనిధిలో కలపమని కమిటీ తీర్మానం చేయాలి. పది లక్షల మీద ఏడు శాతం వడ్డీ డెబ్బై వేలైతే, కలపాల్సింది పదివేల ఐదువందలు. కొత్తగా ఎవరైనా విరాళమిస్తే ‘మూలనిధికి’ అని దాత చేత్తో రాసిన ఉత్తరం తీసుకోండి. అది లేకపోతే ఆ డబ్బు మామూలు ఆదాయం కిందికి వస్తుంది, ఖర్చైపోతుంది.

వెనక వరసల్లో ఉన్న పూర్వ విద్యార్థులారా, పిల్లల తల్లిదండ్రులారా, మీతోనే మాట్లాడుతున్నాను. తల్లిదండ్రుల కమిటీ ఉంది కదా అంటారు. విద్యా హక్కు చట్టం ప్రకారం ఎయిడెడ్ బడిలో ఆ కమిటీది సలహా పాత్రే. మరి ధర్మకర్తలు చనిపోయి ఖాళీలు నింపకపోతే, లెక్కలు చూపకపోతే ఏం చేయాలి? బడి దేవాదాయ ధర్మాదాయ శాఖ పరిధిలో ఉంటే అర్జీ అక్కడ పెట్టాలి. భూమి అమ్మాలన్నా అక్కడి కమిషనరు ముందస్తు అనుమతి కావాలి. ఆ శాఖ చట్టం కిందికి రాని ప్రజా ట్రస్టు అయితే, సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షను ఉంది. ట్రస్టులో ఆసక్తి ఉన్న ఇద్దరు, కోర్టు అనుమతితో, కొత్త ధర్మకర్తల కోసం, లెక్కల కోసం దావా వేయవచ్చు. ఇద్దరు చాలు. ఈ షామియానా కింద ఇద్దరు లేరా?

దావా దాకా పోవాలని నా కోరిక కాదు. కరస్పాండెంట్ గారు ఇక్కడే ఉన్నారు. వచ్చే ఏడు ఇదే సభలో దండ వేసే ముందు దానపత్రం మొత్తం చదివి వినిపించమని, ఆ ఏటి గుత్త ఎంతొచ్చిందో నోటీసు బోర్డు మీద పెట్టమని చేతులు జోడించి అడుగుతున్నాను.

నకలు కోసం దరఖాస్తు రాసి తెచ్చాను. వేదిక పక్కన బల్ల మీద పెడుతున్నాను. దాత పేరు, ఊరి పేరు నింపాను. దస్తావేజు నంబరు, సంవత్సరం ఖాళీగా ఉన్నాయి. ఆ రెండూ తెలిసినవారు పోయేముందు రాసి పోండి.