641 గింజల సంచి

మన పర్లాకిమిడి పిల్లలకి ఇంట్లో లెక్క తెలుగులో, బడిలో ఒడియాలో. ఏ భాషలో అడిగినా ఒక్క జవాబు మాత్రం నాకు మనసులో ముల్లులా గుచ్చుకుంటోంది. "3తో పోదు, 7తో పోదు, 11తో పోదు, అంటే ప్రధాన సంఖ్యే కదండీ?" కాదమ్మా! అన్నిటినీ చూడకుండా అలా తేల్చేయకూడదు.

(తెర మీద: 429,49,67,297)

నాలుగు వందల ఇరవై తొమ్మిది కోట్ల చిల్లర. 2 పవర్ 32కి ఒకటి కలిపితే వచ్చేది ఇదే. 2 మీది పవర్‌ని 1, 2, 4, 8, 16, 32 అని రెట్టింపు చేస్తూ, ప్రతిసారీ ఒకటి కలిపితే వచ్చే వరస ఇది. దీనికి ముందున్న 3, 5, 17, 257, 65537 అయిదూ ప్రధాన సంఖ్యలే. అందుకే ఇదీ అంతేనని ఫెర్మా అంతటి గణితవేత్త నమ్మేశాడు. 1732లో ఆయిలర్ అనే మరో గణితవేత్త వచ్చి 641తో నిశ్శేషంగా పోతుందని చూపించాడు.

భాగహారం వేసి చూడొచ్చు. కానీ వేయకుండానే తెలుస్తుంది, నాకు ప్రాణమైన భాగం అదే.

జీడిగింజలు సంచికి 641 చొప్పున నింపుతున్నాం అనుకోండి. మన దగ్గర 640 ఉన్నాయి, ఒక గింజ కొరత. ఇప్పుడు 640ని 640తో హెచ్చవేయండి: 4,09,600. సంచులు కడితే 639 నిండి, ఒక్క గింజ మిగులుతుంది! కొరతని కొరతతో హెచ్చవేస్తే మిగులైంది. చూడండి, ఎంత ముచ్చటగా ఉందో. ఆ వచ్చినదాన్ని మళ్లీ దాంతోనే హెచ్చవేస్తే, అంటే 640 పవర్ 4కి కూడా, మిగులు ఒక్క గింజే.

640 అంటే 5 × 128. కాబట్టి 640 పవర్ 4 అంటే 625 × 2 పవర్ 28. దీన్ని పక్కన పెట్టుకోండి: నిండు సంచులు, పైన ఒక గింజ.

ఇంకో కుప్ప పోద్దాం, 641 × 2 పవర్ 28. ఇవన్నీ నిండు సంచులే, చూడక్కర్లేదు. ఇందులోంచి మొదటి కుప్పంత తీసేస్తే? 641లో 625 పోతే 16. మిగిలేది 16 × 2 పవర్ 28, అంటే 2 పవర్ 32! నిండు సంచుల్లోంచి నిండు సంచులూ, పైన ఒక గింజా తీశాం కాబట్టి చివరి సంచికి ఒక గింజ కొరత. ఆ ఒక్కటీ కలపండి. సంచి నిండింది.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్తాను. 641 గాలిలో దొరకలేదు. ఈ సంఖ్యని భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా 64తో భాగిస్తే శేషం 1 రావాలి. అలాంటివి 193, 257, 449, 577, తర్వాత 641. అయిదోదానికే దొరికేసింది! రెండో కారణాంకం 67,00,417, అది ప్రధాన సంఖ్యే.

ఈ వరసలో తర్వాతిది 20 అంకెల సంఖ్య. దానికి సరిపడే సంచి 2,74,177 గింజలది. 1880లో లాండ్రీ అనే ఆయన 82వ ఏట కనిపెట్టాడు. దాన్ని సంచులకెత్తడం వచ్చే వీడియోలో.