జీపీఎస్ కొందామని ఆటోనగర్ బయలుదేరే ముందు

నమస్కారం. గుంటూరు నుంచి ఒక ప్రేక్షకుడు ఈ మధ్య ఒక ప్రశ్న పంపారు. ఆయనకు చిన్న కారు ఉంది. సెలవు దొరికితే మిత్రులతో కలిసి కొండవీడు, కొండపల్లి లాంటి చోట్లకు నడకకు వెళ్తారు. "కారులోనూ పనికిరావాలి, కొండమీదా పనికిరావాలి, చేయి కాలకూడదు. ఏ జీపీఎస్ కొనమంటారు?" అని అడిగారు.

నా జవాబు ముందే చెప్పేస్తాను. రెండు పనులూ బాగా చేసే ఒకే వస్తువు తక్కువ ధరలో లేదు. ఉందని అమ్మేది రెంటికీ చెడ్డ రేవడి. కారు వరకు అయితే ఆయన కొత్త పరికరం కొనక్కర్లేదు. కొండకు వెళ్లేటప్పుడే ఆలోచించాలి, డబ్బు ఖర్చు పెడితే అక్కడే పెట్టాలి.

ముందు బజారు సంగతి. విజయవాడ ఆటోనగర్‌కు వెళ్లి "జీపీఎస్ కావాలి" అంటే చాలా దుకాణాల్లో మీ ముందు పెట్టేది ఇదిగో, ఇలాంటి చిన్న నల్ల డబ్బా. దీనికి తెర లేదు. లోపల ఒక సిమ్ కార్డు ఉంటుంది, రెండు మూడు తీగలు బయటికి ఉంటాయి, వాటిని బండి బ్యాటరీకి కలుపుతారు. ఇది డ్రైవరుకు దారి చెప్పదు. బండి ఎక్కడుందో ఇంట్లో కూర్చున్న యజమానికి చెబుతుంది. మిర్చి టిక్కీలు వేసుకుని గుంటూరు యార్డు నుంచి లారీ బయలుదేరితే, అది ఏ ఊరు దాటిందో, ఏ దాబా దగ్గర ఎంతసేపు ఆగిందో యజమాని తన ఫోనులో చూసుకోవడానికి. లారీలు నడిపేవారికి ఇది మంచి వస్తువే. ప్రయాణికులను ఎక్కించుకునే బస్సులు, ట్యాక్సీల్లో పెట్టే ఏఐఎస్ 140 (వాహన పరికరాలకు ఉన్న ఒక ప్రమాణం పేరు) రకం కూడా ఈ కుటుంబంలోదే, దానికి ఆపద వేళ నొక్కే మీట అదనం. దీనికి ఏటా సిమ్‌కూ సర్వరుకూ కట్టాల్సిన డబ్బు ఉంటుంది, అమ్మేటప్పుడు ఆ మాట చాలామంది చెప్పరు. మీరు దారి కోసం వెతుకుతుంటే మాత్రం దీన్ని పక్కన పెట్టేయండి.

రెండోది, కారు ముందు అద్దానికి అంటించే తెర ఉన్న నావిగేటరు. పదిహేనేళ్ల కిందట దీనికి విలువ ఉండేది. ఇప్పుడు ఆన్‌లైన్‌లో పేరూ ఊరూ తెలియని కంపెనీలవి తక్కువ ధరకు కనిపిస్తాయి. తెర పెద్దది, బొమ్మ బాగుంటుంది. కానీ లోపలి పటం ఏ సంవత్సరానిది? ఆ ఒక్క ప్రశ్న అడగండి, అమ్మేవాడు తడబడతాడు. విజయవాడలో కనకదుర్గ ఫ్లైఓవర్ మొదలైంది 2020 అక్టోబరులో. అంతకు ముందు తయారైన పటానికి ఆ వంతెనే తెలియదు. బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్లు, కాజ నుంచి గొల్లపూడి మీదుగా చిన్న అవుటపల్లి వైపు వేసిన పడమటి బైపాసు, ఇవన్నీ ఈ కొద్ది సంవత్సరాల్లో వచ్చిన మార్పులు. పటం తాజాగా ఇవ్వని నావిగేటరుకు ఎంత పెట్టినా దండగ.

ఇదే కోవలో మరొకటి ఉంది. మన గుంటూరు, విజయవాడల్లో అమెరికాలో పిల్లలున్న ఇళ్లు ఎన్నో. అబ్బాయి అక్కడ వాడి వదిలేసిన నావిగేటరు సూట్‌కేసులో పెట్టుకొచ్చి "నాన్నా, ఇది కారులో పెట్టుకోండి" అని ఇస్తాడు. ప్రేమగా ఇచ్చిందే. కానీ అందులో ఉన్నవి అమెరికా పటాలు. ఏలూరు రోడ్డు మీద అది చూపించేది ఖాళీ తెర, మధ్యలో ఒక బాణం. భారతదేశం పటాలు విడిగా ఎక్కించగలిగితేనే దానికి ఇక్కడ బతుకు.

ఇప్పుడు అసలు విషయం. జీపీఎస్ పనిచేయడానికి ఇంటర్నెట్ అక్కర్లేదు. ఎన్నిసార్లు చెప్పినా ఇది మళ్లీ చెప్పాల్సి వస్తోంది. భూమికి దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలు తమ స్థానాన్నీ సమయాన్నీ ప్రసారం చేస్తూ ఉంటాయి. మన పరికరం వినడం తప్ప తిరిగి ఏమీ పంపదు. కనీసం నాలుగు ఉపగ్రహాలు వినిపిస్తే మనం ఎక్కడున్నామో లెక్క కడుతుంది. నాలుగోది ఎందుకంటే, ఉపగ్రహంలో ఉన్నది అణుగడియారం, మన పరికరంలో ఉన్నది చవక గడియారం. ఆ తేడా సరిచేసుకోవడానికి ఒకటి ఎక్కువ కావాలి.

మరి నెట్ దేనికి? రెండింటికి. ఒకటి, పటం దింపుకోవడానికి. రెండు, త్వరగా మొదలవడానికి. అన్ని ఉపగ్రహాల జాడ చెప్పే పూర్తి పట్టిక ఉపగ్రహం నుంచే రావాలంటే 12.5 నిమిషాలు పడుతుంది. ఫోను ఇలాంటి సమాచారాన్ని నెట్ ద్వారా క్షణాల్లో తెచ్చుకుంటుంది. అందుకే నెట్ లేనిచోట చాలాకాలం తర్వాత జీపీఎస్ తెరిస్తే ఆలస్యమవుతుంది. ఆలస్యమే తప్ప, ఆగిపోవడం కాదు. ఇదిగో, ఈ ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టాను. సిమ్ పనిచేయడం లేదు, వైఫై లేదు. కృష్ణ ఒడ్డున నిలబడ్డాను. నీలం చుక్క కదులుతోంది చూశారా?

కాబట్టి కారుకు నా సలహా, ఇంట్లో మూలన పడి ఉన్న పాత స్మార్ట్‌ఫోను. బ్యాటరీ పోయినా ఫరవాలేదు, కారులో ఛార్జింగు ఉంటుంది. సిమ్ లేకపోయినా ఫరవాలేదు. ఇంట్లో వైఫై మీద గూగుల్ మ్యాప్స్‌లో మీరు తిరిగే ప్రాంతం మొత్తాన్ని దింపి పెట్టుకోండి. దింపిన పటానికి గడువు ఉంటుంది, మధ్యమధ్య తాజా చేయాలి. నెట్ లేనప్పుడు ట్రాఫిక్ రద్దీ కనిపించదు, ఆ ఒక్క లోటు ఒప్పుకోవాలి. మ్యాపుల్స్ కూడా ఒకసారి చూడండి, అది మన దేశంలోనే తయారైన పటం.

మిగిలిన డబ్బు రెండు చోట్ల పెట్టండి. మొదటిది, ఫోనును పట్టి ఉంచే స్టాండు. ముందు అద్దానికి అంటించే రకం కన్నా ఏసీ గాలి వచ్చే జాలీకి తగిలించేది మేలు. ఎందుకంటే మే నెల బెజవాడ ఎండ. అద్దం కింద పెట్టిన ఫోను ఓపక్క ఎండకూ మరోపక్క ఛార్జింగుకూ కాగి, తెర మసకబారి, చివరికి తనంతట తానే ఆగిపోతుంది. అదీ సరిగ్గా వారధి దిగి ఎటు తిరగాలో తెలియని చోట. ఏసీ జాలీకి తగిలిస్తే చల్లగాలి తగులుతూ ఉంటుంది. రెండోది, మంచి ఛార్జరు, మంచి కేబులు. జీపీఎస్, తెర రెండూ పనిచేస్తున్నప్పుడు బలహీనమైన ఛార్జరు పెట్టినా ఫోను నిండదు, తగ్గుతూనే ఉంటుంది.

మోటారు సైకిలు వాళ్లకు ఒక మాట. కొత్త ఖరీదైన ఫోను హ్యాండిలుకు బిగించకండి. ఇంజను అదురుకు కెమెరా చెడవచ్చని ఆపిల్ సంస్థే 2021లో హెచ్చరించింది. ఇక్కడా పాత ఫోనే మేలు.

చట్టం మాట కూడా చెప్పుకోవాలి. 2020 అక్టోబరు 1 నుంచి అమలైన సవరణ ప్రకారం బండి నడిపేటప్పుడు చేతి ఫోనును దారి చూసుకోవడానికి మాత్రమే వాడవచ్చు, అదీ ధ్యాస చెదరకుండా. అంటే స్టాండులో పెట్టి, గొంతు వింటూ వెళ్లాలి. చేతిలో పట్టుకుని గీకుతూ వెళ్లడానికి ఇచ్చిన అనుమతి కాదది.

ఫోను దారి తప్పిస్తుందని చాలామంది ఫిర్యాదు. ఎక్కడ తప్పిస్తుందో గమనించండి, కారణం కనిపిస్తుంది. కనకదుర్గ ఫ్లైఓవర్ మీద ఒకవైపు ఇంద్రకీలాద్రి, మరోవైపు కృష్ణ. కొండ వైపు ఆకాశం పరికరానికి కనబడదు. ఆ వైపు రాయికి తగిలి వచ్చే సంకేతం నేరుగా వచ్చేదాని కన్నా ఆలస్యంగా చేరుతుంది. పరికరం ఆ ఆలస్యాన్ని దూరంగా లెక్కవేసుకుని మన చుక్కను పక్కకు జరుపుతుంది. పైగా వంతెన పైదారీ కిందిదారీ పటంలో దాదాపు ఒకేచోట ఉంటాయి. జీపీఎస్‌కు అడ్డం తెలిసినంత బాగా ఎత్తు తెలియదు. అందుకే మీరు పైన వెళ్తుంటే "కుడివైపు తిరగండి" అంటుంది. కుడివైపు ఏముంది, పిట్టగోడ.

దీనికి కొంత మందు ఉంది. ఉపగ్రహాలు ఒకటి కన్నా ఎక్కువ రేడియో పౌనఃపున్యాల్లో ప్రసారం చేస్తాయి. మామూలుగా వినే ఎల్1తో పాటు ఎల్5 అనే పౌనఃపున్యం కూడా వినగలిగే ఫోన్లు ఇలాంటి పరావర్తనాలను మెరుగ్గా వేరుచేస్తాయి. మీ ఫోను వింటుందో లేదో తెలుసుకోవాలంటే జీపీఎస్‌టెస్ట్ అనే ఉచిత యాప్ వేసి ఆరుబయట తెరవండి. ఏ దేశం ఉపగ్రహాలు ఎన్ని వినిపిస్తున్నాయో వరుసగా వస్తాయి. అమెరికా జీపీఎస్, రష్యా గ్లోనాస్, ఐరోపా గెలీలియో, చైనా బైడూ, మన ఇస్రో నావిక్. నావిక్ ఉందని డబ్బా మీద రాశారని మాత్రం ఎక్కువ డబ్బు ఇవ్వకండి. ఉంటే మంచిదే, మన ఆకాశంలో వినిపించే ఉపగ్రహాలు పెరుగుతాయి. అంతకు మించి దాని ఒక్కదాని వల్ల మీ కారుకు కొత్తగా తెలిసే దారి ఏదీ లేదు.

ఇక కొండ. కొండవీడు అనుకోండి. రెడ్డిరాజులు అద్దంకి నుంచి రాజధానిని మార్చుకున్న చోటు. ఘాట్ రోడ్డు మీద కారులో పైకి వెళ్లి, చెరువులు చూసి దిగివస్తే ఏ పరికరమూ అక్కర్లేదు. రోడ్డు వదిలి బురుజుల వెంట, ముళ్లపొదల మధ్య నడిచేవారికే చిక్కు. అన్ని పొదలూ ఒకలాగే ఉంటాయి, వచ్చిన బాట పొద్దు వాలేసరికి కనబడదు. అక్కడ గూగుల్ మ్యాప్స్ దాదాపు పనికిరాదు, నెట్ లేకపోతే అది నడకదారి అసలు చెప్పదు. ఆర్గానిక్ మ్యాప్స్, ఆస్మాండ్ అనే రెండు ఉచిత యాప్‌లు ఉన్నాయి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ పేరుతో స్వచ్ఛందంగా జనం గీసిన పటం వాటి ఆధారం. మీరు వెళ్లే కొండ మీద బాటలు గీసి ఉన్నాయో లేదో ఇంట్లోనే చూసుకోండి. లేకపోయినా, మీరు నడిచిన జాడను గీతగా నమోదు చేస్తే ఆ గీత పట్టుకుని వెనక్కి రావచ్చు.

పొద్దున ఎక్కి మధ్యాహ్నం దిగేవారికి ఇది చాలు. రాత్రి బస చేసేవారికీ, వానలో తిరిగేవారికీ ఫోను చాలదు. తడి వేళ్లకు తెర పలకదు, చెమట పట్టినా అంతే. అప్పుడు కావలసింది చేతి పరికరం. ఈ తరగతిలో ఎక్కువగా కనిపించేది గార్మిన్ ఈట్రెక్స్ వరుస. తెర చూడండి, 2.2 అంగుళాలు, ఈ కాలం ఫోను పక్కన పెడితే నవ్వొస్తుంది. కానీ ఎండ పడేకొద్దీ ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది, వెనక లైటు అక్కర్లేదు. మీటలు నిజమైన మీటలు. బ్యాటరీలు గోడ గడియారంలో వేసే పెన్సిల్ సెల్లులు, రెండు. ఈ ఒక్క కారణంతో దీనికి ఓటు వేస్తాను. సెల్లులు అయిపోతే పవర్ బ్యాంకు వెతుక్కోనక్కర్లేదు, కొండ కింద ఊళ్లో కిరాణా కొట్లో దొరుకుతాయి. ఛార్జింగు సెల్లులు వేస్తే మాత్రం సెట్టింగుల్లో బ్యాటరీ రకం మార్చండి. వాటి వోల్టేజి 1.2, మామూలు సెల్లుది 1.5. మార్చకపోతే నిండుగా ఉన్నా అయిపోవచ్చిందని చూపిస్తుంది.

మోడళ్లలో తేడా ఇది. 2023లో వచ్చిన ఈట్రెక్స్ ఎస్ఈకి కంపెనీ చెప్పే బ్యాటరీ కాలం 168 గంటలు. అమెరికాలో విడుదల ధర 150 డాలర్లు, మన దగ్గరికి వచ్చేసరికి పన్నులతో ఇంకా పెరుగుతుంది. దాని లోపల పటం ఉండదు, గుర్తులూ జాడలే. 22ఎక్స్‌లో పటం ఉంటుంది, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి చేసిన ఉచిత పటాలు కార్డులో ఎక్కించుకోవచ్చు, కానీ బ్యాటరీ 25 గంటలే. పైగా 22ఎక్స్‌లో దిక్సూచి లేదు. కదులుతుంటేనే దానికి మీరు ఎటు చూస్తున్నారో తెలుస్తుంది, నిలబడితే బాణాన్ని నమ్మలేరు. నాలుగు అడుగులు వేసి చూడాలి. 32ఎక్స్‌లో దిక్సూచి, గాలి పీడనంతో ఎత్తు కొలిచే సాధనం రెండూ ఉన్నాయి, ధర అందుకు తగ్గట్టే. మన ప్రేక్షకుడి అవసరానికి ఎస్ఈ సరిపోతుంది, పటం ఫోనులో చూసుకోవచ్చు. వాడినవి మంచి స్థితిలో దొరికినా తీసుకోండి, ఇవి అంత తేలిగ్గా పాడయ్యేవి కావు.

చేతి గడియారాల్లో జీపీఎస్ పరుగు లెక్కలకు బాగుంటుంది. కొండమీద దారి వెతకడానికి ఆ చిన్న తెరను నమ్ముకోమని నేను చెప్పను.

ఇక్కడ ఒక గట్టి హెచ్చరిక. ఉపగ్రహం ద్వారా సందేశం పంపే పరికరాలు వేరు, గార్మిన్ ఇన్‌రీచ్ లాంటివి. చూడడానికి అన్నీ ఒకలాగే ఉంటాయి. ప్రభుత్వ అనుమతి లేకుండా వాటిని మన దేశంలో ఉంచుకోవడం నేరం. 2024 డిసెంబరులో గోవా విమానాశ్రయంలో ఇలాంటిది వెంట ఉన్న ఒక విదేశీ యాత్రికురాలిని పట్టుకున్నారు. అమెరికా నుంచి వచ్చే అబ్బాయికి ఈ సంగతి ముందే ఫోను చేసి చెప్పండి. అలాగే చేతిలో ఏ పరికరం ఉన్నా నల్లమల లాంటి రక్షిత అడవిలో అటవీశాఖ అనుమతి లేకుండా రోడ్డు దిగకండి.

కొన్న తర్వాత వాపసు గడువు ఉండగానే పరీక్షించండి. బిల్లు తప్పక తీసుకోండి. తెల్లవారుజామున ప్రకాశం బ్యారేజీ దగ్గరికి వెళ్లండి. చుట్టూ ఆకాశం తెరిచి ఉంటుంది. బ్యారేజీ పొడవు 1,223.5 మీటర్లని రికార్డుల్లో ఉంది. ఒక చివర నిలబడి, ఉపగ్రహాలు బాగా వినిపించేదాకా ఆగి, ఒక గుర్తు పెట్టండి. నడిచి అవతలి చివరకు వెళ్లి ఇంకో గుర్తు పెట్టండి. రెండింటి మధ్య దూరం అడగండి. మీరు ఎక్కడ నిలబడ్డారన్న దాన్నిబట్టి పది, ఇరవై మీటర్ల తేడా ఫరవాలేదు. వంద మీటర్లు తేడా వస్తే మర్నాడే బిల్లు తీసుకుని దుకాణానికి వెళ్లండి.