లింకుకు రెండు కొసలు
(గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా మహబూబ్‌నగర్‌లో చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, లైబ్రరీ సిబ్బందికి, ముందు వరుసల్లో కూర్చున్న పిల్లలకు నమస్కారం. అందరి పేర్లూ ఇంతకుముందే రెండుసార్లు వచ్చాయి కాబట్టి నేను నేరుగా విషయంలోకి వస్తాను.

"మీరు ఇంగ్లీషు చెప్పారు కదా, ఏదైనా ఒక ఇంగ్లీషు మాట తీసుకుని పిల్లలకు వివరించండి" అని నిర్వాహకులు అడిగారు. వెతుక్కునే పని లేకపోయింది. 2024 ఎండాకాలం నుంచి నన్ను వదలని మాట ఒకటుంది. లింక్.

లింక్ అంటే మొదట గొలుసులో ఒక కడియం. గొలుసంతా కాదు, ఒక్క కడియమే. రెండు పక్కలా ఇంకో రెండు కడియాలను పట్టుకుని ఉంటుంది. ఇంగ్లండులో ఎడ్మండ్ గంటర్ అనే ఆయన 1620లో భూమి కొలవడానికి ఒక గొలుసు తయారు చేశాడు. పొడవు 66 అడుగులు, అందులో 100 లింకులు. ఇలాంటి పది గొలుసుల పొడవు, ఒక గొలుసు వెడల్పు ఉంటే ఎకరం. ఇప్పుడు మన లెక్కకు రండి. ఎకరంలో నలభయ్యో వంతు అయిన మన గుంట ఎంత? 33 అడుగులకు 33 అడుగులు. అంటే గంటర్ గొలుసులో సరిగ్గా సగం, యాభై లింకులు. మా నాయినకు ఎకరం ఇరవై గుంటలుండేది. సర్వేయరు వచ్చిన రోజు చైన్‌మన్ గొలుసు పరుస్తుంటే నేను వెనకాలే నడిచాను. అది ఎండకు కాలి, ముట్టుకుంటే చురుక్కుమంది. లింకు అనే మాటకు నా మనసులో మొదటి బొమ్మ అదే.

భూమి దగ్గర ఆ మాట ఇప్పటికీ ఉంది. రిజిస్ట్రేషన్‌కు పోతే "లింక్ డాక్యుమెంట్లు ఏవి?" అంటారు. ఈ భూమి మీకు ఎవరి దగ్గర నుంచి వచ్చింది, వాళ్లకు ఎవరి దగ్గర నుంచి వచ్చింది అని. మన దిక్కు చాలామంది దగ్గర ఉండేది సాదాబైనామానే, అంటే రిజిస్ట్రేషన్ లేకుండా తెల్ల కాగితం మీద రాసుకున్న అమ్మకం పత్రం. దాని గురించి చెప్పాలంటే ఇంకో సభ కావాలి.

పిల్లలూ, వ్యాకరణం ఒక్క నిమిషం. లింక్ అనే నామవాచకం పక్కన మూడు మాటలు వస్తాయి: బిట్వీన్, విత్, టు. రెండింటి మధ్య లింక్, ఒకదానితో లింక్, ఒకదానికి లింక్. ఏ రకంగా వాడినా రెండు వస్తువులు ఉండాల్సిందే. ఒక్కదానికే లింక్ ఉండదు. ఇది పరీక్షలో రాకపోయినా రాసుకోండి. బహువచనంలో లింక్స్ అయ్యేసరికి ఒక్కోసారి రంగు మారుతుంది. "ఆ ముఠాతో లింకులున్నాయి" అని పేపర్లో చదువుతాం కదా, అక్కడ అనుమానం వాసన వస్తుంది. గోల్ఫ్ ఆడే మైదానాన్ని కూడా లింక్స్ అంటారు కానీ ఆ మాట పుట్టుక వేరు, గట్టు అనే అర్థం నుంచి వచ్చింది. దాన్ని దీనితో కలపకండి.

మన తెలుగులో లంకె ఉండనే ఉంది. లంకె బిందెల కథలు వినని పాలమూరు పిల్లలు ఉండరు. కానీ నోటికి లింకే వస్తుంది. రానివ్వండి, నాకు అభ్యంతరం లేదు. నా అభ్యంతరమంతా ఆఫీసుల్లో ఆ మాట అనే తీరు మీద.

మా చిన్నమ్మ కరువు పనికి పోయేది. ఉపాధి హామీ పేరు పేపర్లో రాస్తారు, మా ఊర్లో ఎవరినడిగినా కరువు పనే అంటారు. 2006లో దేశంలో మొదటి విడత 200 జిల్లాల్లో ఆ పథకం మొదలైనప్పుడు మన జిల్లా అందులో ఉంది. ఎందుకుందో మీకు తెలుసు. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా తట్ట మోసింది పాలమూరు లేబరే. మా చిన్నమ్మ పెళ్లైన కొత్తలో అట్లా తిరిగి వచ్చిన మనిషే. పని చేసిన పదిహేను రోజుల్లో కూలి ఇవ్వాలని అప్పటి చట్టంలో ఉంది. 2024 జనవరి 1 నుంచి ఆ కూలి ఆధార్ లింకు ఉన్న ఖాతాకే రావాలన్నారు. ఆ ఎండాకాలం ఆరు వారాలు మట్టి తవ్వింది చిన్నమ్మ. ఒక్క రూపాయి రాలేదు.

ఒక ఆఫీసుకు పోయాం. "మీ లింకు లేదమ్మా." ఇంకో ఆఫీసుకు పోయాం. "మా దగ్గర అంతా కరెక్టుగా ఉంది, మీ లింకే సరిగ్గా లేదు." మూడో చోట తలెత్తి కూడా చూడలేదు. మీ లింకు! ముప్పై ఏళ్లు పిల్లలకు నేను చెప్పిన పాఠం ఏమిటి? లింకు రెండింటి మధ్య ఉంటుందని. ఒక కొస చిన్నమ్మ వేలు అయితే రెండో కొస ఆ ఆఫీసులో ఉంది. తెగితే తప్పు ఒక్క కొసదే ఎట్లా అవుతుంది?

ఇంటికి వస్తుంటే బస్సులో చిన్నమ్మ అడిగింది: "లింకంటే ఏంది బిడ్డా?" లంకె అన్నాను. "లంకెనా? మరి గా లంకె నేనెప్పుడు తెంపిన?" అంది. నా దగ్గర జవాబు లేదు.

చివరికి ఇంటర్నెట్ సెంటర్లో ఒక అబ్బాయి, మా బడి పిల్లవాడే, ఆధార్ సైట్ తెరిచి ఏ బ్యాంకుతో లింకుందో చూద్దాం టీచర్ అన్నాడు. దానికి ఓటీపీ కావాలి. ఆధార్‌లో ఇచ్చిన నంబరు ఎవరిది? చిన్నమ్మ కొడుకుది. వాడు బొంబాయిలో, ఏడో అంతస్తులో సెంట్రింగ్ పని మీద ఉన్నాడు. ఫోన్ చేస్తే గాలి హోరు, సుత్తి చప్పుడు. "చెప్పు తమ్మీ, ఆరు అంకెలు" అని నేను అరుస్తున్నాను. వాడు ఒక్కొక్క అంకె రెండుసార్లు చెప్పాడు. మూడోసారి చేస్తే కానీ సరిపోలేదు, మధ్యలో టైమ్ అయిపోయింది.

తెర మీద వచ్చింది చిన్నమ్మ పాస్‌బుక్కున్న బ్యాంకు కాదు. అంతకు ఏడాది ముందు ఊర్లోకి ఒకాయన చిన్న మెషీన్ తెచ్చి, "పథకం వస్తది, వేలు పెట్టు" అని రచ్చకట్ట దగ్గర కూర్చున్న ఆడవాళ్లందరి చేతా వేలు పెట్టించుకున్నాడు. అది కొత్త ఖాతా తెరవడమని ఎవరూ చెప్పలేదు. ఖాతాలు ఎన్ని ఉన్నా ఆధార్ మీద వచ్చే డబ్బు చివరిగా లింకైన బ్యాంకుకే పోతుంది. ఆరు వారాల కూలి అక్కడ, పాస్‌బుక్ కూడా లేని ఖాతాలో పడి ఉంది. అందరూ "లింకు లేదు" అన్నారు. లింకు ఉంది. తప్పు చోటికి ఉంది. ఆ రెండు మాటలకూ తేడా ఒక మనిషి ఆరు వారాల తిండి. కుర్చీలో ఉన్నవాళ్లలో ఒక్కరు ఒక్క నిమిషం తెర చూసి ఉంటే మొదటి రోజే తెలిసేది.

నేను ఇంకా చాలా చెప్పాలనుకుని వచ్చాను. కంప్యూటర్ లింకుల గురించి నాలుగు పేజీలు రాసుకున్నాను. అందులో ఒక్కటి చెబుతాను. హైపర్‌టెక్స్ట్ (లింకు పట్టుకుని ఒక రాత నుంచి ఇంకో రాతకు పోయే పద్ధతి) అనే మాటను 1960లలో వాడుకలోకి తెచ్చిన టెడ్ నెల్సన్, లింకు రెండు వైపులా పని చేయాలని కోరుకున్నాడు. నిన్ను ఎవరు పట్టుకున్నారో నీకూ తెలియాలని. 1989లో టిమ్ బెర్నర్స్ లీ ప్రతిపాదించిన వెబ్‌లో లింకు ఒకవైపే పోతుంది. అవతలి పేజీ తీసేస్తే మనకు ఎర్రర్ వస్తుంది, అవతలివాళ్లకు ఏమీ తెలియదు. అది యంత్రం కాబట్టి సరే అనుకుందాం. ఆఫీసులో కూర్చున్నది మనిషి కదండీ!

పిల్లలూ, ఫోన్లో తెలియని లింకు వస్తే అవతలి కొసన ఎవరున్నారో తెలిసేదాకా నొక్కకండి. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్ లైన్ 1930కి ఫోన్ చేయించండి. అమ్మను, నానమ్మను ఎవరైనా వేలు పెట్టమంటే, ఎందుకని మీరు అడగండి. మీకు చదువొచ్చు.

లైబ్రరీ వాళ్లకు ఒక విన్నపం. రీడింగ్ రూములో కిటికీ పక్క బల్ల ఆదివారం ఖాళీగా ఉంటుంది. అది, ఒక కంప్యూటర్, పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా నాకివ్వండి. కూలి రానివాళ్లు, పింఛను ఆగినవాళ్లు ఆధార్, పాస్‌బుక్, ఆ నంబరున్న ఫోన్ పట్టుకుని రావాలి. ఫోన్ బొంబాయిలో ఉంటే అక్కడివాళ్లకు ముందే చెప్పి పెట్టుకోవాలి. రిజిస్టరు కొని తెచ్చాను, ఇదిగో. సభ అయ్యాక నేను ఈ మెట్ల దగ్గరే ఉంటాను, ఎవరివైనా పేర్లుంటే రాయించండి.